పొద్దు పొడవక ముందు

మా మామ కల్లు తాగేవాడు కాదు. కల్లు గీసే ఇంట్లో ఇది వింతే మరి. చెట్టు దిగాక లొట్టిలోంచి రెండు చుక్కలు అరచేతిలోకి వంచుకుని నాలుక మీద వేసుకునేవాడు. పులుపెంతో చూసి పక్కకు ఉమ్మేసేవాడు. అంతవరకే. మండువలో, అంటే కల్లు అమ్మే చోట, నలుగురూ కల్లు ముందు పెట్టుకుని కూర్చుంటే, అమ్మే మనిషి మాత్రం ఛాయ్ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. అదీ పొగలు కక్కుతూ ఉండాలి. కాస్త చల్లారితే చాలు, "గిది ఛాయా, కుడితా?" అని పక్కకు జరిపేవాడు. ఆ గ్లాసు మళ్లీ వేడి చేయడం నా పని.

"వెంకటేశం కల్లమ్మి ఛాయ్‌పత్త కొంటడు" అని ఊరంతా నవ్వేది. మా అత్త రాములవ్వ అందరికన్నా గట్టిగా నవ్వేది. ఆమె మాత్రం సాయంత్రం ఒక చెంబు పుచ్చుకోనిదే అన్నం ముట్టదు. "ఇంట్ల ఒక్కరన్న తాగకపోతే మన కల్లు మంచిదని జనం ఎట్ల నమ్ముతరు?" అనేది. కానీ బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. "మా ఆయన పుట్టి బుద్ధెరిగినంక సుక్క ముట్టలే. తాగినోడు తాడెక్కద్దంటడు" అని తలెత్తి చెప్పుకునేది. ఆమెకు ఉన్న గర్వమల్లా అదొక్కటే.

మాది కథలాపూర్ దగ్గర పల్లె. నా భర్త గణేశ్ గల్ఫ్‌లో ఉండేవాడు. ఎడారిలో సోలార్ పలకలు కడిగే పని. ఇసుక పడితే కరెంటు తగ్గుతుందట, అందుకని ఒక చివర నుంచి కడుక్కుంటూ పోతే ఇంకో చివరకు చేరేలోపు మొదటివి మళ్లీ మాసిపోతాయట. "మన అవ్వ ఇల్లు అలికినట్టే, ఎన్నడు ఒడువది" అని ఫోన్లో నవ్వేవాడు. ఆ ఎండాకాలం గడిస్తే దసరాకు వచ్చేస్తానని, ఇక పోనని చెప్పాడు. వస్తే చేసేది తాళ్లు, అంటే తాటిచెట్లు, గీయడమే. వేరే పని లేదు, గుంట భూమి లేదు.

మా గీత సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తాళ్లు ఎవరి పొలంలో ఉంటే వాళ్లవి, గీసుకునే హక్కు సంఘానిది. ఏటా మాఘంలో వంతులు పంచుకుంటారు. వంతున్న మనిషి దేశంలో లేకపోయినా ఫరవాలేదు. వాడి పేరు మీద ఇంటివాళ్లెవరైనా మృగశిర కార్తె దాకా గీయాలి. కాలం ముగిసేదాకా వాడి వంతులో ఒక్క తాడుకైనా లొట్టి వేలాడుతూ ఉండాలి. మధ్యలో ఆగిందా, పేరు పోయినట్టే, మళ్లీ వంతు దొరకదు. అందుకే మామ ఆ వయసులో తన తాళ్లూ ఎక్కేవాడు, కొడుకు తాళ్లూ ఎక్కేవాడు. "వాడచ్చి మోకు నడుముకు కట్టుకున్న నాడు నేను మంచమేసుకోని పంట" అనేవాడు.

శివరాత్రి దాటిన కొద్ది రోజులకు దేవేందర్ వచ్చాడు. గొల్లపల్లి మనిషి, లైను వేసే కంపెనీలో సూపర్‌వైజర్. చేతిలో ఎర్ర రంగు డబ్బా పట్టుకుని తాళ్లకు గుర్తులు పెడుతుంటే, లొట్లు కడగడానికి వెళ్లిన నేను చూశాను.

"ఏంది సారూ, మా తాళ్లకు బొట్లు పెడుతున్నరు?"

"లైను వస్తున్నదమ్మా. ఎల్లారెడ్డిపేట అవుతల పడావు భూములల్ల సోలార్ ప్లాంటు పెట్టిండ్రు గదా. గా కరెంటు కోరుట్ల దిక్కు సబ్‌స్టేషన్‌కు చేరాలె. లైను కింద చెట్టు ఉండద్దు."

"ఎల్లారెడ్డిపేట ఏడ, మేమేడ? మా నెత్తి మీదికెల్లే పోవాల్నా?"

అతను రంగు డబ్బా కింద పెట్టాడు. కోప్పడలేదు. "ఎండ, జాగ ఉన్నకాడ పలకలు పెడ్తరు. కరెంటు కావల్సినోళ్లు ఇంకోకాడ ఉంటరు. నడుమ ఉన్నోళ్లకే తిప్పలు. గిది పొగ లేని కరెంటు, బూడిద లేని కరెంటు అమ్మా. మంచి పనే. గని మంచి పనికి గూడ తొవ్వ కావాలె గదా" అన్నాడు.

ఇంకో పని మీద వచ్చినవాడైతే నాలుగు దులిపేదాన్ని. కానీ నేను తింటున్న అన్నం ఆ పలకల మీద నుంచి వచ్చేదే. కోపం మింగి లొట్లు కడుక్కున్నాను.

గుర్తులు పడ్డవి గణేశ్ వంతు తాళ్లు. దాదాపు అన్నీ. మామ వంతు కాలువ అవతల ఉంది, దానికేమీ కాలేదు. వంతు మార్చుకుందామంటే కట్టుబాటు ఒప్పదు. సంఘం పెద్ద భూమన్న నలుగురిని వెంటేసుకుని కోరుట్ల పోయి ఆఫీసులో అడిగి వచ్చాడు. పరిహారం పట్టా ఉన్నవాళ్లకేనట. ఎక్కేవాడికి పట్టా ఎక్కడిది? పొలం దశరథంది, ఆయన సంతకం పెట్టేశాడు. ఆయన్ను తిట్టిపోయాలని నాకు నోరు దురద పెట్టింది కానీ, బోర్లు ఎండి ఆయనా ఒక కొడుకును దుబాయి పంపినవాడే.

"మరి గణేశ్ పేరు సంగతేంది భూమన్నా?" అని మామ అడిగాడు.

భూమన్న నేల చూపులు చూశాడు. "నేనొక్కన్నయితే ఉంచుదు వెంకటేశం. గని తాళ్లు ఏటేటా తక్కువైతున్నయి. పోరలు వంతు కోసం కాసుకోని కూసున్నరు. ఒక్క తాడున్నా, మృగశిర దాక గీస్తే, ఎవడన్న నోరెత్తితే నేను జూసుకుంట. ఒక్కటి గూడ లేకపోతే ఏం చెప్పాలె?"

కొట్టివేత ఉగాది ముందు జరిగింది. రంపం మిషను వచ్చింది. మామ దేవేందర్‌ను ఒక్కటే అడిగాడు. "లొట్టి తోని కూల్చకుండ్రి సారూ. నేనెక్కి దించుకుంట."

దేవేందర్ మిషను వాళ్లను ఆపి నిలబడ్డాడు. మామ ఒక్కొక్క తాడూ ఎక్కాడు. లొట్టి దించుకుని కిందికి రావడం, నాకందించడం, పక్కకు జరగడం. ఆ వెంటనే రంపం. తాతల నాటి తాడు, ఛాయ్ మరిగినంత సేపు కూడా పట్టలేదు. పడిన తాళ్ల గెలల నుంచి కల్లు ఇంకా కారుతూనే ఉంది. సాయంత్రం దాకా మట్టిలోకి కారింది, ఈగలు ముసిరాయి. మా అత్త ఆ రోజు చెంబు ముట్టలేదు.

చివరికి అంచున ఒక్క తాడు మిగిలింది. పండుతాడు, అంటే కాయలు కాసే ఆడ తాడు. ఎండలు ముదిరేకొద్దీ అది బాగా పారుతుంది. దానికీ ఎర్ర గుర్తు ఉంది. మామ ఎక్కలేదు. దాని మొదట్లో కూర్చున్నాడు.

"సారూ, గిదొక్కటి మృగశిర దాక ఉండనియ్యిండ్రి."

"తాతా, గుర్తు పెట్టినం గదా."

"తీగ కింద లేదు, పక్కకున్నది."

"గాలికి మట్టలు అటే ఊగుతయి."

"కరెంటు ఎప్పుడిడుస్తరు?"

"వానలు పడ్డంక."

"మరింకేంది? అప్పటిదాక తీగ దిక్కుకు మట్ట రాకుంట నేను కొట్టుకుంట. మృగశిర నాడు మొవ్వు నేనే నరికి మీకప్పజెప్త. నా కొడుకు పేరు గీ తాడు మీద ఉన్నది సారూ. వాడు దసరాకు అస్తడు."

దేవేందర్ తల ఎత్తి తాడు కొస దాకా చూశాడు. "మా తమ్ముడు గూడ మస్కట్ల ఉన్నడు" అన్నాడు చివరకు. "సరే తాతా. నేనిచ్చినట్టు ఎవలకు చెప్పకు." మిషను బండెక్కించి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆ మనిషి మీద నాకు దేవుడి మీదున్నంత నమ్మకం కలిగింది. ఆయన రాయిలాంటివాడైనా బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

గణేశ్‌కు సెలవు శుక్రవారం. ఆ శుక్రవారం మా బిడ్డ అక్షిత ఫోను పట్టుకుంటే, తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు.

"నా వంతున్నదా బాపూ?"

"ఉన్నది. ఒక్క తాడున్నది. సాలు." మామ ఫోనుకు దగ్గరగా జరిగి అడిగాడు. "కొడుకా, నువ్వు గా పలకల మీద నీళ్లు కొడ్తవు గదా. షాక్ కొట్టదా?"

గణేశ్ నవ్వాడు. "పగటీలి ముట్టుకోనియ్యరు బాపూ. పొద్దుగూకినంకనే మా డ్యూటీ. పొద్దు లేకపోతే కరెంటు ఏడికెల్లి అస్తది? తెల్లారేదాక అవి ఉత్త అద్దాలే. మీద కూసోని బువ్వ తిన్నా ఏం గాదు."

"పొద్దు పొడిసేదాక?"

"పొద్దు పొడిసేదాక."

"మరి బొగ్గు కరెంటు గట్ల గాదు గదా?"

"బొగ్గు రాత్రింబవళ్లు కాలుతనే ఉంటది. ఎండ కరెంటు ఎండున్నప్పుడే బాపూ."

మామ తలూపాడు. "మంచిగ చెప్పినవు" అన్నాడు. నేను పక్కనే పచ్చిపులుసు కలుపుతున్నాను. వెనక్కి తిరిగి చూసే అవసరం కూడా నాకు కనబడలేదు.

ఎండలు ముదిరాయి. బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు, పొట్టకోసం ఊరు విడిచినవాళ్లే, టవర్ల మీద కోతుల్లా పాకుతూ తీగలు లాగారు. మామ పండుతాడు ఎక్కినప్పుడు వాళ్లు టవరు మీద నుంచి చేయి ఊపేవారు, ఈయనా కత్తి ఊపేవాడు. ఒకసారి వాళ్లకు కల్లు పంపాడు. తాను మాత్రం ఛాయ్ తాగాడు. ఆ కొన్ని రోజులూ అంతా చక్కబడిందనే అనుకున్నాం.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం మైకు కట్టిన ఆటో ఊళ్లోకి వచ్చింది. కొత్త లైనులో రేపటి నుంచి కరెంటు ఉంటుంది, రాత్రింబవళ్లు ఎవరూ టవర్లు ఎక్కరాదు, లైను దగ్గరి చెట్లు ఎక్కరాదు అని పాట మధ్యలో చెప్పుకుంటూ పోయింది. వెనకే దేవేందర్ బండి మీద వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"తాతా, నేనన్నది వానలు పడ్డంక. గని మీదికెల్లి మస్తు ఒత్తిడి ఉన్నది. ప్లాంటు తయారై కూసున్నది, లైను లేక కరెంటంత దండుగ పోతున్నదట. గీ ఎండలకు కూలర్లు, ఏసీలు. ఇగ ఆగరు. నువ్వు ఎక్కకు. మిషను వేరే ఊర్లె ఉన్నది, రాంగనే పంపిస్త, కొట్టేస్తరు."

"మృగశిర ఇంకా రాలేదు సారూ."

"నీ కాళ్లు మొక్కుత, ఎక్కకు తాతా."

ఆయన వెళ్లాక మా వాకిట్లో పంచాయితీ మొదలైంది. మామ తాపీగా కత్తి నూరుకుంటున్నాడు.

"గిది ఏం కరెంటు?" అని అడిగాడు నన్ను.

"సోలార్."

"పొద్దు లేకపోతే ఉంటదా?"

నేను అరుగు మీద కూర్చున్న భూమన్న వైపు చూశాను.

"పొద్దు పొడవక ముందు ఎక్కుత. పొద్దు పొడిసేలోపల దిగుత. పగటిపూట, మాపటిపూట గీత బంద్. రోజుకొక్కసారి గీసినా గీసినట్టే గదా భూమన్నా?"

భూమన్న ఆలోచించాడు. "గీసినట్టే. నిజమే గదా, ఎండ కరెంటు ఎండున్నప్పుడే ఉంటది" అన్నాడు. వచ్చిన మిగతావాళ్లు కూడా తలలూపారు. మా వాళ్లకు ఎండ సంగతి తెలుసు, చెట్టు సంగతి తెలుసు. పొద్దును చూసి కల్లు దిగే వేళ చెప్పేవాళ్లు. ఆ లెక్క వాళ్లకు చక్కగా కుదిరింది.

"మామా, మైకుల రాత్రింబవళ్లన్నరు" అన్నాను.

"మైకోనికేమెర్క? సదువుమన్నది సదువుతడు. నా కొడుకు గా పని చేస్తున్నోడు."

నేను దేవేందర్‌కు ఫోను చేశాను. "వద్దమ్మా, రాత్రి గూడ వద్దు, అసలే వద్దు" అన్నాడు. ఆ మాట మామకు చెప్పాను. "కంపెనీ మనిషి గట్లనే అంటడు పిల్లా. తాడు కొట్టేసేదాక వాని నౌకరికి గండం" అన్నాడు. మా అత్త అరిచింది, ఏడ్చింది. "ఒక్క తాడు కోసం పానం మీదికి తెచ్చుకుంటవా?" అంది.

"తాడు కోసమెవడు ఎక్కుతున్నడే? వాని పేరు కోసం. పేరు పోతే వాడు మళ్ల విమానమెక్కుతడు. ఈసారి పోతే మనం సచ్చినా రాడు."

ఆ మాటతో మేమిద్దరం చల్లబడ్డాం. నా మొగుడు తిరిగి రావాలని నాకూ ఉంది, అందరికన్నా నాకే ఎక్కువ ఉంది.

మొదటి రోజు నేనూ అత్తా ఇద్దరమూ చెట్టు కింద నిలబడ్డాం. తూర్పు ఇంకా తెల్లబడుతూనే ఉంది. మామ ఎక్కాడు, గీశాడు, లొట్టి దించాడు, దిగాడు. "సూసిండ్రా?" అని నవ్వాడు. మరునాడు కూడా అంతే. తర్వాత అత్త రావడం మానేసింది. మిషను రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అన్నారు, రాలేదు. నేను మాత్రం లొట్టి అందుకోవడానికి పోయేదాన్ని. రోజులు గడిచేకొద్దీ భయం తగ్గింది. పొద్దు పొడవక ముందు అది ఉత్త తీగే అని నేను కూడా నమ్మాను.

మృగశిర దగ్గరికొచ్చింది. ఒక రాత్రి గాలిదుమారం లేచి, నాలుగు చినుకులు పడ్డాయి. తెల్లారగట్ల మేం పోయేసరికి నేలంతా తడి. పండుతాడుకు ఒక మట్ట విరిగి తీగ వైపు వాలింది. మామ దాన్ని చూసి నాలుక కరుచుకున్నాడు. "సారుకు మాటిచ్చిన. గిది కొట్టేసి దిగుత" అన్నాడు.

ఆయన ఎక్కుతుంటే పైన తీగలు చిటపటమంటున్నాయి. ముందెప్పుడూ ఆ చప్పుడు వినలేదు.

"మామా, ఏందో సప్పుడైతున్నది. దిగు."

"వానకు తడిసింది పిల్లా, గంతే. ఇంకా పొద్దు పొడవలే."

లొట్టి విప్పి మోకుకు తగిలించుకున్నాడు. కత్తి తీసి మట్ట మీద వేశాడు. తడి మట్ట తీగ మీదికి ఊగింది.

తెల్లటి వెలుగు వచ్చింది. నేను కళ్లు తెరిచేసరికి లొట్టి నా ముందు పడి పగిలింది. మామ పడలేదు. మోకు ఆయన్ను తాడుకే పట్టి ఉంచింది.

నేను అరిచిన అరుపుకు భూమన్న వచ్చాడు, ఊరు వచ్చింది. ఎవరూ చెట్టు ముట్టడానికి లేదు. దేవేందర్‌కు ఫోను చేసి లైను బంద్ పెట్టించేదాకా, ఆయనను అలా చూస్తూ నిలబడాల్సి వచ్చింది. పొద్దు పొడిచింది. ఆయన మీద ఎండ పడింది. చివరికి భూమన్న ఎక్కి భుజాన వేసుకుని దింపాడు. ఆ ముసలాయన ఏడుస్తూనే దిగాడు.

"పొద్దు పొడవలే గద సారూ" అని, బండి మీద ఉరికొచ్చిన దేవేందర్‌ను పట్టుకుని అడిగాడు భూమన్న. "ఎండ లేదు గద. ఏడికెల్లి అచ్చింది కరెంటు?"

దేవేందర్ తీగల వైపు చేయి చూపాడు. "తీగ ఎప్పుడు ఖాళీ ఉండది భూమన్నా. పగటీలి సోలార్‌ది ఇటు అస్తది. పొద్దుగూకితే అటు ప్లాంటుకు, ఆ ఊర్లకు కరెంటు ఇటుకెల్లే పోవాలె. సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలు నడువాలె, ఇండ్లల్ల ఫ్యాన్లు తిరుగాలె. ఎండది లేనప్పుడు బొగ్గుదో నీళ్లదో గిదే తీగల పారుతది. పొద్దుతోని తీగకు పని లేదు."

ఆ ఒక్క మాట ముందే ఎవరైనా వాకిట్లో కూర్చుని చెప్పి ఉంటే బాగుండేదని నా గుండె మండిపోయింది.

అంతలో కంపెనీ జీపు వచ్చింది. దిగినవాళ్లలో ఒకతను దగ్గరికి వచ్చి ముక్కు మూసుకున్నాడు. మామ బట్టలన్నీ కల్లుతో తడిసి ఉన్నాయి, లొట్టి ఆయన మీద ఒలికింది కదా. "తాగి ఎక్కినట్టున్నడు" అన్నాడు పక్కవాడితో.

మా అత్త అప్పటిదాకా మామ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మాట వినగానే లేచింది. ఆమె అంత వేగంగా లేవడం నేనెన్నడూ చూడలేదు. అతని అంగీ పట్టుకుంది.

"ఎవడురా తాగింది? నా మొగడు సుక్క ముట్టడు. ఊరంత అడుగు. ఆయన నోరు వాసన సూడు, రా. రారా! సచ్చినోని మీద మాట పెడ్తవా? నీ నోట్ల పురుగులు పడ!"

నలుగురు పట్టుకుంటే గానీ విడవలేదు. అతను తల వంచుకుని జీపు ఎక్కాడు.

జగిత్యాల దవాఖానకు తీసుకుపోయి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గణేశ్‌కు అక్కడ సెలవు దొరకలేదు. ఫోన్లోనే చూపించమన్నాడు. మా అత్త మామ చేతుల మీదకు తెల్లబట్ట లాగి, వేలి కొస కూడా కనబడకుండా కప్పింది. మొహానికి పసుపు రాసింది. అప్పుడు ఫోను తెమ్మంది.

గణేశ్ ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాక "ఎట్లయింది?" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. తనే మళ్లీ అన్నాడు. "కొత్త లైను పడ్డదంటిరి గదా. కరెంటా? పొద్దుగాల గదా ఎక్కింది, పొద్దు పొడవక ముందు. అప్పుడు కరెంటు..." అక్కడ ఆగాడు. ఫోనులో తన కళ్లు నన్ను దాటి ఎటో చూశాయి. "లతా, నేను బాపుకు ఆ దినం..."

మా అత్త నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"కరెంటు గాదు కొడుకా. తాగి ఎక్కిండు. కాలు జారింది."

"బాపు తాగడు గదవ్వా."

"నువ్వు పోయినంక మొదలువెట్టిండు. నీకు చెప్పద్దన్నడు. తాళ్లు కొట్టేసిన రంది. రోజు తాగుడే. ఇయ్యాల గూడ తాగే ఎక్కిండు."

తర్వాత గణేశ్ ఒక మాట అన్నాడు తండ్రిని. అది నేను రాయను. మా అత్త ఆ మాట విని, "ఔను కొడుకా" అంది.

ఫోను పెట్టేశాక ఆమె గడప దగ్గర నిలబడి భూమన్నను, సంఘం వాళ్లను పిలిచింది. "ఇన్నరు గదా. నా కొడుకు బతికి ఉండాలె. ఇదే మాట" అంది. భూమన్న రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని తలూపాడు. ఆ మర్నాటి నుంచి ఊరంతా ఆ అబద్ధాన్ని మోసింది. మండువలో ఎగతాళి చేసేవాళ్లు కూడా మోశారు.

పెత్రమాసకు గణేశ్ వచ్చాడు. చిక్కిపోయాడు, చేతులు పగిలిపోయి ఉన్నాయి. పెద్దలకు పెట్టుకునే రోజు పొద్దున్నే భూమన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీ పేరు తియ్యలే గణేశూ. ఆ దినం గూడ మీ బాపు లొట్టి విప్పిండు, పగిలిన ముక్కలు నా కండ్లతోని సూసిన. కాలం నిండినట్టే అని సంఘం ఒప్పుకున్నది. మాఘంల నీకు కాలువ అవుతల తాళ్లిస్తం. మీ బాపువే."

తను ఒప్పుకుంటాడనే నేను అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసమే కదా అదంతా.

"అద్దు పెద్దబాపూ" అన్నాడు గణేశ్. "తాగి సచ్చే పని నాకద్దు. ఎన్నడు సుక్క ముట్టనోడే గట్లయిండు, రేపు నేను గాకుంట ఉంటనా? పేరు తీసెయ్యిండ్రి. వచ్చే వారం మళ్ల పోతున్న. పలకలు కడుగుడే నయం, సచ్చినా నేల మీదనే సస్త."

భూమన్న అత్త వైపు చూశాడు. నేనూ చూశాను. ఒక్క మాట చెబితే చాలు, తను ఉండిపోతాడు. కానీ ఆ మాటతో ఎట్లా బతుకుతాడు? మా అత్త విస్తరాకు తుడుస్తోంది. తుడిచిన ఆకునే మళ్లీ తుడిచింది. తల ఎత్తలేదు. భూమన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

లోపల మామ ఫోటో ముందు అన్నం, కూర, గారెలు పెట్టాం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టాలి. అక్షిత నోట ఏం వస్తుందోనని అత్త దాన్ని ముందే పక్కింటికి పంపేసింది. గణేశ్ బయటికి పోయి ఈతకల్లు సీసా తెచ్చాడు. స్టీలు గ్లాసు నిండా పోసి ఫోటో ముందు పెట్టాడు.

"తాగు బాపూ" అన్నాడు. గొంతులో కోపం ఉంది, దుఃఖం ఉంది. "ఇగ నిన్ను ఎవలద్దంటరు?"

అక్కడ కూర్చోలేక లేచి, సంచి తీసుకుని టికెటు పని మీద జగిత్యాల పోయాడు. బండి చప్పుడు దూరమయ్యేదాకా మేమిద్దరం కదల్లేదు.

అప్పుడు మా అత్త ఆ గ్లాసు తీసుకుపోయి పెరట్లో పారబోసింది. బూడిదతో తోమింది, కడిగింది, మళ్లీ తోమింది. కొంగుతో తుడిచి తెచ్చి నా చేతికిచ్చింది.

"శ్రీలతా, ఛాయ్ పెట్టు" అంది. "మంచిగ మరగనియ్యి. సల్లగైతే ఆయన తాగడు."